మూడు నెలలకోసారి పొట్టివాడైన గోల్‌కీపర్

నేను ఫుట్‌బాల్ అకాడమీలో పనిచేసి రిటైరయ్యానంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. నన్నోసారి కిందినుంచి పైదాకా చూస్తారు. ఆ చూపుకు ఎంతోసేపు పట్టదు, ఎందుకంటే నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలే. తర్వాత మర్యాదకు, వంట చూసుకునేవారా మేడం అని అడుగుతారు. ఒళ్ళు మండిపోతుంది. ఇరవై ఏడేళ్ళు సర్కారు బడిలో పీఈటీ టీచర్‌గా విజిల్ ఊది, ఆ తర్వాత ఆరేళ్ళు ఒక పెద్ద క్లబ్బువారి పిల్లల అకాడమీలో రికార్డులన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషిని. వంట నాకు ఇంట్లోనే సరిగ్గా రాదు.

డిప్లొమాలు చేతబట్టుకుని అకాడమీ ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీరంతా నన్ను అనుభవం చెప్పమంటున్నారు. చెబుతాను. గెలిచిన కప్పుల సంగతి గోడమీద ఫోటోల్లో ఉంది, పోయి చూసుకోండి. నేను చెప్పబోయేది చేతులారా చేసిన ఒక తెలివితక్కువ పని గురించి. దానివల్ల ఒక పిల్లవాడికి తెరుచుకోవాల్సిన తలుపు మూసుకుపోయేదే. ఎవరి పేర్లూ చెప్పను. పిల్లలు ఎదుగుతున్నారు, ఇందులో వచ్చే బస్సు కండక్టర్ ఇంకా అదే రూట్లో ఉన్నాడు.

క్లబ్బు ఉండేది హైదరాబాద్‌లో. మా సూర్యాపేటలో అకాడమీ బ్రాంచి పెట్టి, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి చిన్న కేంద్రాలు తెరిచారు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు, మగపిల్లలు వారానికి నాలుగు రోజులు పొద్దున్నే వచ్చి ఆడి, బడి టైముకు వెళ్ళిపోయేవారు. వాళ్ళలో బాగా ఆడేవాళ్ళను పదమూడేళ్ళు నిండాక హైదరాబాద్ హాస్టల్‌కు తీసుకుంటారు. అక్కడ తిండి, చదువు, ఆట అన్నీ క్లబ్బే చూసుకుంటుంది. మా పిల్లల కలలన్నీ ఆ హాస్టల్ చుట్టూనే తిరిగేవి.

క్లబ్బువాళ్ళు పిల్లలను తయారుచేసే తీరు మొదట్లో నాకు వింతగా తోచింది. పదేళ్ళ పిల్లల మ్యాచ్‌లో ఎవరు గెలిచారో రాయకూడదు. కుడికాలివాడితో ఎడమకాలితో ఆడించాలి. వచ్చే బంతిని తన్నడం కాదు, ముందు ఆపడం నేర్పాలి. వీటన్నిటికంటే వాళ్ళకు ముఖ్యం ఎత్తు. పిల్లవాడు ఒక్కసారిగా సాగే నెలల్లో వాడి కాళ్ళు వాడి మాట వినవట. నిన్న బాగా ఆడినవాడు ఇవాళ తన కాళ్ళకు తానే తట్టుకుని పడతాడు. అప్పుడు వాణ్ణి తిట్టకూడదు, తీసెయ్యకూడదు, పరుగు తగ్గించి ఓపిక పట్టాలి. అందుకని ప్రతి మూడు నెలలకూ ఒక్కొక్కరి ఎత్తూ కొలిచి పట్టిక పంపాలి. ఆ పట్టిక నా పని.

ఆ పనిని నేను ఎంత పద్ధతిగా చేసేదాన్నో చెప్పాలి, ఎందుకంటే తప్పు సరిగ్గా ఆ పద్ధతిలోనే ఉంది. క్లబ్బు ఇచ్చిన నల్ల తోలు సంచి అడ్డంగా భుజానికి వేసుకునేదాన్ని. మెడలో విజిల్, చేతిలో అట్ట, చెవి మీద పెన్ను. పిల్లలను వరసగా నిలబెట్టి, విజిల్ ఊది ఒక్కొక్కరినే పిలిచేదాన్ని. ఫారం నేనే తయారుచేశాను. మొదటి గడి వయసు, రెండో గడి ఎత్తు. "వయసెంత?" అని గట్టిగా అడిగి, రాసుకుని, వెంటనే కొలత స్టాండు కింద నిలబెట్టేదాన్ని. వయసు సర్టిఫికెట్లో ఎలాగూ ఉంటుంది, అయినా బడి అలవాటు పోలేదు. ఆ ఫారం చూసి హెడ్డాఫీసువాళ్ళు మెచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టారు. దాన్ని ప్రింటు తీసి ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించుకున్నాను.

ఇక మా గోల్‌కీపర్ సంగతి. నిడమనూరు పక్కన ఒక తండా పిల్లవాడు, మిర్యాలగూడ కేంద్రానికి వచ్చేవాడు. వాళ్ళమ్మ నాట్లకు, కోతలకు పోయే మనిషి. నాట్ల కాలంలో గట్టు మీదినుంచి పొలంలోకి నారు కట్టలు విసురుతారు కదా, అవి బురదతో జారిపోతుంటాయి. బడి లేనప్పుడు ఈ పిల్లవాడు పొలం మధ్యన నిలబడి వాటిని గాల్లోనే అందుకుని ఆడవాళ్ళకు ఇచ్చేవాడట. అలా పట్టీ పట్టీ వాడి చేతుల్లోంచి ఏదీ జారేది కాదు. మా కోచ్ ఒకరోజు బైకు మీద పోతూ ఆ దృశ్యం చూసి, బండి ఆపి, గట్టు మీదే వాళ్ళమ్మతో మాట్లాడి పిల్లవాణ్ణి అకాడమీలో చేర్పించాడు.

కోచ్‌ది కోదాడ. మాటలో సగం తెలంగాణ, సగం అవతలి గట్టు ఆంధ్ర. మనిషి మంచివాడే కానీ కాగితమంటే గిట్టదు. నాకు కాగితమే ప్రాణం. ఆరేళ్ళు ఒకే గదిలో కూర్చుని పోట్లాడుకున్నాం.

పట్టికలో తేడా మొదట నేనే కనిపెట్టాను. సూర్యాపేట పిల్లలంతా పెరుగుతున్నారు. మిర్యాలగూడ, కోదాడ కేంద్రాల్లో ఆడపిల్లలు పెరుగుతున్నారు. ఆ రెండుచోట్లా మగపిల్లలు మాత్రం తగ్గుతున్నారు. పెరగకపోవడం కాదు, తగ్గడం. మా గోల్‌కీపర్ మొదటిసారి నూట నలభై తొమ్మిది సెంటీమీటర్లు, మూడు నెలలకు నూట నలభై ఎనిమిది, ఆ తర్వాత నూట నలభై ఆరున్నర.

మనుషులు ముసలితనంలో కొంచెం కుంగుతారని విన్నాను, నాకూ ఆ అనుభవముంది. పన్నెండేళ్ళకే కుంగడం ఎక్కడా వినలేదు. ముందు స్టాండును అనుమానించాను, కొత్తది తెప్పించాను. తర్వాత నేలను అనుమానించాను. మేస్త్రీని పిలిపించి మట్టం పెట్టించి చూశాను, నేల బాగానే ఉంది. పిల్లలకిచ్చే గుడ్లు పెంచాను. సాగర్ కాలువ నీళ్ళలో ఏమైనా ఉందేమోనని ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపాను. నీళ్ళు మంచివని రిపోర్టు వచ్చింది. ఇంటికి పోయి నన్ను నేను కొలుచుకున్నాను, నాలుగడుగుల పదకొండు అలాగే ఉంది. పోనీ అంతవరకు నయమనుకున్నాను.

కోచ్ మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. ఆ పిల్లవాడు గోల్ పైన అడ్డంగా ఉండే కడ్డీని అందుకుంటున్నాడని, పెరగకుండా ఎలా అందుకుంటాడని. ఎగిరి అందుకుంటున్నాడేమో అన్నాను. "మీరొకసారి గ్రౌండుకొచ్చి కళ్ళతో చూడండి మేడంగారూ, ఆ పేపర్లు పక్కన పెట్టి" అన్నాడు. నాకు కోపమొచ్చింది. నేను కంటితో చూసినదానికన్నా చేత్తో రాసిన అంకెనే నమ్మే మనిషిని. పైగా ఆ పిల్లవాడు నాతో మాట్లాడేటప్పుడెప్పుడూ ఒద్దికగా వంగి, నా కళ్ళకు సమానంగా నిలబడేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుని మురిసిపోయేదాన్ని.

అంతలో హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. గోల్‌కీపర్‌కు ఎత్తు ముఖ్యం, ఈ పిల్లవాడి ఎత్తు తగ్గుతోంది, హాస్టల్‌కు తీసుకోలేం, అకాడమీ నుంచి కూడా పంపించేసి ఇంట్లోవాళ్ళకు నెమ్మదిగా నచ్చజెప్పండి అని. కింద నా పట్టికను జతచేశారు. నా చేతిరాతే, గుండ్రటి అక్షరాలు.

మెయిల్ చూసి కోచ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడాడు, అది ఇంకా బాధగా ఉంది. ఇన్నేళ్ళలో తాను చూసిన చేతుల్లో అవే మంచి చేతులని, ఆ సంగతి వాళ్ళమ్మకు తాను చెప్పలేనని, పట్టిక రాసినవాళ్ళే పోయి చెప్పాలని అన్నాడు. న్యాయమే అనిపించింది. పోవడం నావంతయింది.

తెల్లారేసరికి స్కూటీ మొరాయించింది. మొదటి బస్సెక్కి నిడమనూరులో దిగి, తండాకు నడిచాను. వాళ్ళమ్మ అప్పుడే తయారై పిల్లవాడితో బయలుదేరుతోంది. నన్ను చూసి ఆమె ఎంత సంబరపడిందో చెప్పలేను. హాస్టల్‌కు తీసుకున్నారన్న కబురు చెప్పడానికే వచ్చాననుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ బయటికి తెచ్చి వేసింది. నేను గొంతు సవరించుకుని, మీతో ఒక మాట చెప్పాలమ్మా అన్నాను.

"నేను గూడ మిర్యాలగూడకే వస్తున్న మేడం. బస్సు పోతది, నడువుర్రి, బస్సుల మాట్లాడుదాం" అంది.

బస్సు నిండుగా ఉంది. మా అకాడమీ పిల్లలే పద్నాలుగుమంది, సంచులతో. నాకు ముందువైపు సీటు దొరికింది. వాళ్ళమ్మ పక్కన నిలబడింది, పిల్లవాడు ఆమె వెనక. చెడ్డ మాటను ఎలా మొదలుపెట్టాలా అని నేను కిటికీలోంచి పొలాలు చూస్తున్నాను. ఇంతలో వెనకనుంచి విజిల్ వినిపించింది.

తల తిప్పి చూశాను. కండక్టర్ వస్తున్నాడు. నల్ల తోలు సంచి అడ్డంగా భుజానికి, మెడలో విజిల్, చేతిలో మిషను, చెవి మీద పెన్ను. ఎక్కడో బాగా ఎరిగిన రూపం అనిపించింది. మొదటి పిల్లవాడి దగ్గర ఆగి, "వయసెంతరా?" అన్నాడు.

ఆ మాటతో బస్సులో ఉన్న తొమ్మిదిమంది మగపిల్లలూ ఒక్కసారి కిందికి దిగిపోయారు. మెడలు భుజాల్లోకి పోయాయి, మోకాళ్ళు మడతపడ్డాయి. ఆడపిల్లలు ఐదుగురూ నిటారుగా నిలబడి ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా, వాళ్ళెందుకు వంగుతారు. మగపిల్లలకే పన్నెండు దాటితే హాఫ్ టికెట్ పోతుంది. మా గోల్‌కీపర్ నెత్తి మీద వాళ్ళమ్మ అరచెయ్యి వేసి, మాటల మధ్యలోనే, కందిపప్పు డబ్బా మూత నొక్కినట్టు కిందికి నొక్కేసింది. నాతో మాట్లాడుతున్న మొహం మాత్రం తిప్పలేదు.

"వీనికి?" అన్నాడు కండక్టర్.

"పదకొండు సారూ."

"పోయినేడు గూడ పదకొండే అన్నవ్ గదమ్మా."

"పుట్టిన దినం ఇంక రాలే" అంది ఆమె.

నేను నా నల్ల సంచి వైపు చూసుకున్నాను. నా విజిల్ వైపు చూసుకున్నాను. మూడు నెలలకోసారి నేను విజిల్ ఊది, సంచి సర్దుకుని, గట్టిగా వయసడిగి, వెంటనే స్టాండు కింద నిలబెట్టిన పిల్లలందరూ కళ్ళముందు కదిలారు. సూర్యాపేట పిల్లలు ఊళ్ళోనే నడిచి వస్తారు, వాళ్ళకు బస్సు లేదు. కోదాడ పిల్లలు అనంతగిరి నుంచి బస్సులో వస్తారు. మట్టం పెట్టించి చూసిన నేల, పరీక్షకు పంపిన నీళ్ళు, పెంచిన గుడ్లు అన్నీ గుర్తొచ్చాయి. నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. పక్కావిడ నాకేదో అయిందని వీపు నిమిరింది. కండక్టర్ నీళ్ళ సీసా ఇచ్చాడు. మా గోల్‌కీపర్ వంగినవాడు వంగినట్టే ఉండి, ఏమైంది మేడం అని కంగారుగా అడిగాడు. వాళ్ళమ్మకు చెప్పాల్సిన మాట మింగేశాను.

గ్రౌండు చేరగానే కోచ్‌కు అంతా చెప్పాను. అతను గంభీరంగా విని, గోల్ వెనక్కి పోయి, అక్కడ ఒంటరిగా కడుపు పట్టుకుని నవ్వుకుని, మొహం కడుక్కుని వచ్చాడు. తర్వాత హెడ్డాఫీసుకు రాయమన్నాడు. రాశాను. అయితే నిజం రాయలేదు. కొలతలో చిన్న సాంకేతిక లోపం ఉండవచ్చు, ఒకసారి మీరే వచ్చి కొలవండి అని మాత్రం రాశాను. నా ఫారమే తప్పని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఫ్రిజ్ మీద కాగితం ఇంకా అక్కడే ఉంది మరి.

వచ్చే ఆదివారం తమ స్పోర్ట్స్ సైన్స్ నిపుణుణ్ణి మిర్యాలగూడ పంపుతామని జవాబొచ్చింది. అతను కొలిచిందే ఆఖరు, ఆ రోజే నిర్ణయం.

మిగిలిన నాలుగు రోజులూ కోచ్ బంతి పక్కన పడేసి పిల్లలకు నిలబడడం నేర్పాడు. ఫుట్‌బాల్ చరిత్రలో నిలబడడానికి కోచింగ్ తీసుకున్న జట్టు మాదేననుకుంటాను. గోడకు వీపు ఆనించి వరసగా నిలబెట్టి, నేను సంచి లేకుండా, విజిల్ లేకుండా వచ్చి, ఏరా బాగున్నావా అని పలకరించేదాన్ని. నిలబడేవాళ్ళు. వయసెంత అంటే కూలిపోయేవాళ్ళు. వాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నేను వంగలేదు సార్ అని వంగే ఉండి చెప్పేవాళ్ళు. కోచ్ గట్టిగా తిడితే ఇద్దరు పిల్లలు భయపడి మునివేళ్ళ మీద లేచారు, అది ఇంకో తలనొప్పి. చివరికి శనివారానికి కాస్త దారికి వచ్చారు. మా గోల్‌కీపర్ ఒక్కడే ఎంత చెప్పినా నిటారుగా నిలబడలేకపోయాడు. గోల్‌లో నిలబడేవాడు, బంతికి ఎగిరేవాడు, పెద్దవాళ్ళు ఎదురుగా వచ్చి ప్రశ్న అడిగితే చాలు, కిందికి వెళ్ళిపోయేవాడు. పాపం, వాడికి వాళ్ళమ్మ చెయ్యి ఎప్పుడూ నెత్తిమీదే ఉన్నట్టుండేది.

ఆదివారం నిపుణుడు కారు దిగాడు. కుర్రవాడు, చదువుకున్న కళ ఉంది. ఖాకీ రంగు ప్యాంటు వేసుకున్నాడు. నల్ల బ్యాగు అడ్డంగా భుజానికి వేలాడుతోంది. చేతిలో చిన్న మిషను, అందులో వేలితో నొక్కి అంకెలు ఎక్కిస్తాడట. ఒక్క విజిలే తక్కువ. కోచ్ నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను.

అతను మగపిల్లల వరసలో మొదటివాడి ముందు నిలబడి, మిషను మీద వేలు పెట్టి, "ఏజ్ ఎంత బాబూ?" అన్నాడు.

నాలుగు రోజుల కోచింగ్ అంతే సంగతులు. వరస మొత్తం దిగిపోయింది. మా గోల్‌కీపర్‌కు నూట నలభై మూడు వచ్చింది. పోయినసారికన్నా మూడున్నర తక్కువ. నిపుణుడు తల గోక్కుని, ఇలాంటిది పుస్తకాల్లో కూడా లేదు మేడం, సారీ, తీసుకోలేం అని మెల్లగా చెప్పి, మిషనులో ఏదో నొక్కబోయాడు. పిల్లవాడికి అంతా అర్థమైంది. వాడు ఏడవలేదు. చేతులకున్న గ్లవ్స్ నెమ్మదిగా విప్పి, దులిపి, మడిచి, కోచ్‌కు ఇవ్వబోయాడు. అవి క్లబ్బువి కదా, వెళ్ళిపోయేవాడు తిరిగి ఇచ్చేయాలి.

ఆ గ్లవ్స్ చూశాక నా పరువు నాకు ముఖ్యమనిపించలేదు. నిపుణుడి చెయ్యి పట్టుకుని ఆపేశాను. తప్పు పిల్లలది కాదు నాది, నా ఫారానిది, నా సంచిది అని అందరి ముందూ మొదలుపెట్టి బస్సు, హాఫ్ టికెట్, విజిల్ అన్నీ ఏకరువు పెట్టాను. అతను ఓపికగా విన్నాడు. విని, మీకు ఆ అబ్బాయంటే ఇష్టమని తెలుస్తోంది మేడం, కానీ నేను ఇది రిపోర్టులో ఎలా రాయను, ఆధారమేముంది అన్నాడు.

ఆధారం సరిగ్గా అప్పుడే హారన్ కొట్టింది. పొద్దుటి పిల్లలను తిరిగి ఎక్కించుకునే బస్సు మా గేటు ముందు ఆగి ఉంది. కోచ్ పరుగెత్తి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. ఏం చెప్పాడో తెలియదు కానీ కండక్టర్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు.

కండక్టర్ గ్రౌండులో అడుగుపెట్టగానే, ఎవరూ ఏమీ అడగకుండానే, వరస ఇంకో జానెడు కిందికి దిగింది. నిపుణుడు నోరు తెరిచి చూశాడు.

నేను గోల్‌కీపర్‌ను చూపించి, ఈ పిల్లవాడు తెలుసా అని కండక్టర్‌ను అడిగాను.

"ఎరుకే మేడం. బాగ ఎరుకే" అన్నాడతను. "రెండేండ్ల కింద వీడు మెడ వంచితే సాలు, ఎల్లిపోయేది. పోయినేడు మోకాళ్ళు గూడ వంచుడు షురూ చేసిండు. ఇప్పుడైతే సగం కూసుంటుండు. నాకు తెల్వదా? ఎంత ఎక్కువ వంగితే గంత ఎదిగినట్టే గద."

నిపుణుడు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత మిషను తీసి, మెడ ఒక్కటే వంచితే ఎన్ని సెంటీమీటర్లు, మోకాళ్ళు వంచితే ఎన్ని అని కండక్టర్‌ను అడిగి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ మంచి స్నేహితుల్లాగా మాట్లాడుకున్నారు. చివరికి నిపుణుడు తల ఊపి, మీ పట్టిక తలకిందులుగా చదవాలన్నమాట మేడం అన్నాడు. అయినా రిపోర్టుకు ఒక నిజమైన అంకె కావాలి, పిల్లవాడు ఒక్కసారి నిలబడాలి అన్నాడు.

నిలబడాలి, అంతే. కండక్టర్‌ను బయటికి పంపాం. నిపుణుడు బ్యాగు తీసి పక్కన పెట్టాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. పిల్లవాడు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి ప్రయత్నించాడు. మోకాళ్ళు వణికాయి కానీ లేవలేదు. కిటికీల్లోంచి జనం సలహాలు మొదలుపెట్టారు. పడుకోబెట్టి కొలవమని ఒకరు, చెట్టుకు వేలాడదీయమని ఒకరు. డ్రైవర్ టైమైతోందని హారన్ కొట్టాడు. హారన్ వినగానే పిల్లవాడు ఇంకాస్త వంగాడు.

అప్పుడు బస్సు దిగి వాళ్ళమ్మ వచ్చింది. మిర్యాలగూడ నుంచి సామాను తీసుకుని అదే బస్సులో తిరిగి పోతోందట. చేతిలో రెండు సంచులు. గేటు దగ్గర నిలబడి కోచ్‌ను ఏదో అడిగింది, కోచ్ చెప్పాడు. ఆమె మొహంలో నవ్వు పోయింది. సంచులు కింద పెట్టి, కొడుకు ముందుకు వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి ఎప్పటిలాగే వాడి నెత్తిమీదికి పోయింది. మధ్యలోనే ఆగి, వాడి గడ్డం కిందికి వచ్చింది.

"లే బిడ్డా" అంది. "నేనే వంచిన నిన్ను. ఇగ సాలు. పెద్దోనివైనవ్, లే."

వాడు కళ్ళు తెరిచి ఆమెను చూస్తూ లేచాడు. ముందు మెడ వచ్చింది, తర్వాత భుజాలు, తర్వాత మోకాళ్ళు. లేస్తూనే ఉన్నాడు. వాళ్ళమ్మ తల ఎత్తాల్సి వచ్చింది. స్టాండు పలక పైకి పోయింది, అంకె చదవడానికి నాకు అందలేదు. కోచ్ ఒక ఇటుక తెచ్చి వేస్తే దానిమీద ఎక్కి చదివాను. నూట యాభై తొమ్మిది. నమ్మలేక రెండోసారి కూడా చదివాను. బస్సులో జనం చప్పట్లు కొట్టారు, దేనికో వాళ్ళలో సగం మందికి తెలియదు.

నిపుణుడు మిషనులో అంకె ఎక్కించి, హాస్టల్‌కు తీసుకుంటున్నామని అక్కడే చెప్పాడు. నా ఫారం అడిగి తీసుకుని, వయసు గడిని అడ్డంగా కొట్టేశాడు. ఇప్పుడు మీరు వాడుతున్న ఫారంలో ఆ గడి ఎందుకు లేదో తెలిసింది కదా. కోచ్ గ్లవ్స్ తిరిగి పిల్లవాడి చేతుల్లో పెట్టాడు. ఆ రోజంతా నాతో ఒక్క దెప్పిపొడుపు మాట అనలేదు, ఆ మర్నాటి నుంచి రిటైరయ్యేదాకా రోజూ అన్నాడు.

వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుని, సంచులు అందుకుని, బస్సు దగ్గర నిలబడ్డ కండక్టర్ ముందుకు పోయింది. తప్పు చేసినట్టు నిలబడలేదు, లెక్క తేల్చుకునేదానిలాగే నిలబడింది.

"సారూ, వీనికి పదమూడు నిండినయి. రేపటిసంది ఫుల్ టికెట్ కొట్టు" అంది.

"రేపటిసంది ఎందుకమ్మా, ఇప్పటిసందే" అన్నాడు కండక్టర్.

"పొద్దుగాల వచ్చేటప్పుడు మస్తు కష్టపడి వంగిండు సారూ. ఇయ్యాల్టిది ఊకనే పోనియ్యకు."

కండక్టర్ ఆ ఒక్కరోజుకు ఒప్పుకున్నాడు, హాఫ్ టికెట్ చింపి ఇచ్చాడు. పిల్లవాడు దాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. వెనక ద్వారం దగ్గర రాడ్డు పట్టుకుని, నిడమనూరు దాకా నిటారుగా నిలబడే పోయాడట.